కానియా హిర్మీ పటం

నాష్‌విల్, టెనెసీ
11 అక్టోబర్ 2025

పెదనాన్నకు దేదీప్య నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ చెవి మిషన్ ఈల వేస్తుంది. వీడియో కాల్‌లో నేను గొంతు చించుకుంటే మీరు "ఆఁ, భోంచేశానమ్మా" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మెయిల్‌బాక్స్ రోజూ చూడమని సంహితక్కకు చెప్పాను.

మీ సాయం కావాలి. ముందు అది ఎవరి కోసమో చెప్పనివ్వండి.

పోయిన ఫిబ్రవరిలో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను కదా. ఆ ఆరు వారాలూ ఫ్రెండ్స్ చూసుకున్నారని మీకు అబద్ధం చెప్పాను. ఫ్రెండ్స్ మెసేజ్‌లు పెట్టారు. వచ్చింది మాత్రం పక్కింటి ముసలావిడ, నాజ్‌దార్. డెబ్బై ఏడేళ్ళు. కుర్దు మనిషి. మా నోలెన్స్‌విల్ రోడ్డు పొడుగునా వీళ్ళే ఉంటారు. కిరాణా కొట్లు, రొట్టెల బట్టీలు, మసీదు, అన్నీ వాళ్ళవే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడక్కుండానే పెట్టింది. నేను మాంసం తిననని తెలిసి, నా కోసం కొత్త గిన్నె కొని, ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి విడిగా వండింది. వాళ్ళింట్లో ఆ గిన్నెకి "దేదీప్య గిన్నె" అనే పేరు. ఆవిడ కూతురు పెర్విన్ రోజూ ఆఫీసుకి వెళ్తూ నా తల దువ్వి వెళ్ళేది. నేను కృతజ్ఞత చెప్పబోతే నాజ్‌దార్ "సెర్ చావా" అనేది. "నా కళ్ళ మీద" అని అర్థమట. మనం కళ్ళకద్దుకుంటామే, అలాంటిదే.

ఇప్పుడు ఆ కళ్ళే పోతున్నాయి పెదనాన్నా. గ్లకోమా. వసంతం వచ్చేసరికి వెలుతురు తప్ప ఏమీ కనబడకపోవచ్చని డాక్టర్ చెప్పేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంటికొచ్చాక "నేనేం చెయ్యను చెప్పు దాపీర్" అని అడిగాను. దాపీర్ అంటే అమ్మమ్మ. ఎనిమిది నెలలుగా నా దగ్గర ఒక్క అరటిపండు కూడా తీసుకోని మనిషి మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "మీ పెదనాన్న పటాలు గీస్తాడన్నావు. నా ఊరు గీసిస్తాడా? కళ్ళుండగా ఒక్కసారి చూస్తాను."

ఊరి పేరు కానియా హిర్మీ. బేరిపళ్ళ ఊట అని అర్థం. ఇరాక్‌కి ఉత్తరాన, టర్కీ సరిహద్దు కొండల్లో ఉండేది. 1988లో సద్దాం సైన్యం ఇళ్ళన్నీ పేల్చేసింది. వీళ్ళు కొండలు దాటి టర్కీలో గుడారాల్లో మూడేళ్ళుండి ఇక్కడికొచ్చారు. ఒక్క ఫొటో లేదు. ఫోన్ మ్యాప్‌లో చూస్తే గోధుమరంగు కొండ తప్ప ఏమీ లేదు.

మీరు కాదనరని మాటిచ్చేశాను. కోప్పడకండి.

మీ
దేదీప్య


నేపర్‌విల్
24 అక్టోబర్ 2025

చిరంజీవి దేదీప్యకు పెదనాన్న వీరాంజనేయులు మనసారా దీవెనలు.

ఉత్తరం అందింది. నీ అబద్ధం కూడా అందింది. కాలు విరిగిన పిల్ల ఆరు వారాలు పరాయివాళ్ళ తిండి తిందంటే మీ పెద్దమ్మ ఉండి ఉంటే నాష్‌విల్‌కి నడిచి వచ్చేది. ఆ తల్లికి నా నమస్కారం చెప్పు.

ఇక పటం సంగతి. కుర్దిస్తాన్ గీయమంటున్నావు. సర్వే ఆఫ్ ఇండియా ఉప్పల్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా కూర్చున్నవాణ్ణి. సరిహద్దు గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే మాకు మెమో వచ్చేది. మన దేశంలో సరిహద్దు తప్పుగా అచ్చువేస్తే కేసు. నువ్వు హెచ్-1బీ మీద ఉన్నావు. లేని దేశానికి పటం గీయించి గోడకు తగిలించావని ఎవడైనా ఫొటో పెడితే, స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఎవడికి జవాబు చెబుతావు? పక్కింటివాళ్ళ రాజకీయాల్లో తల దూర్చకు.

వాళ్ళ మీద నాకు చిన్నచూపు ఉందనుకోకు. వేదను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకాలు తిరగేశాను. మనవరాలికి హోంవర్కు ఎగ్గొట్టే అవకాశం దొరికింది, నాకు చదివిపెట్టే కళ్ళు దొరికాయి. మూడు కోట్ల పైచిలుకు జనం. వాళ్ళ కొండలు టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియాల మధ్య నాలుగు ముక్కలై ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1920లో ఒక ఒప్పందంలో వాళ్ళకు దేశం ఇవ్వొచ్చని రాశారు. మూడేళ్ళు తిరక్కుండానే లొసాన్‌లో ఇంకో ఒప్పందం రాసి ఆ ముక్క తీసేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వీళ్ళకు ఆ వడ్డనలో తమవాడు ఒక్కడూ లేడు. 1946లో ఇరాన్‌లో మహాబాద్ అనే ఊళ్ళో ఒక రిపబ్లిక్ పెట్టుకుంటే ఏడాది కూడా నిలవలేదు. ఇరాన్‌లో కుర్దిస్తాన్ పేరుతో ఒక రాష్ట్రం మాత్రం ఇప్పటికీ ఉంది. ఇరాక్‌లో ఇప్పుడు వాళ్ళకు సొంత పార్లమెంటు, జెండా ఉన్నాయి. అయినా దేశం కాదు.

దేశం కానిదాన్ని నేను దేశంగా గీయలేను తల్లీ.

శుభం కోరుతూ
వీరాంజనేయులు


నాష్‌విల్
8 నవంబర్ 2025

పెదనాన్నా,

నమస్కారాలు. నా ఉత్తరం మళ్ళీ చదవండి. నేను అడిగింది దేశం కాదు. ఊరు. ఒక్క ఊరు. ఇరవై మూడు ఇళ్ళు, ఒక ఊట, ఒక వాగు. దానివల్ల నా వీసాకు ఏమొస్తుంది?

మీ ఉత్తరంలోని చరిత్ర మాత్రం పెర్విన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తల ఊపి "మీ అంకుల్ మా పిల్లల స్కూలు కంటే బాగా చెప్పారు. థాంక్స్ చెప్పు" అంది. దాపీర్ మాత్రం అదంతా వినలేదు. "ఒప్పందాలు నాకు తెలియవు. మా వాగు ఎటు పారుతుందో చెబుతాను, రాసుకో" అంది. రాసుకున్నాను.

అమేదీ పట్టణం నుంచి ఉత్తరంగా కంచరగాడిద మీద ఒక రోజు. వాగు దాటాక అక్రోటు చెట్లు. వాళ్ళమ్మ ఇంటి నుంచి అక్క ఇంటికి ఎంత దూరం అంటే, పొయ్యి మీంచి తీసిన రొట్టె పట్టుకెళ్తే చేరేసరికి ఇంకా చెయ్యి కాలుతూ ఉండాలట. ఆ లెక్క మీ స్కేలులో ఎంతో మీరే తేల్చాలి.

నిన్న ఆవిడ నా మొహం చూసి పెర్విన్ అనుకుంది. త్వరగా పంపండి పెదనాన్నా. ప్లీజ్.

దేదీప్య


నేపర్‌విల్
6 డిసెంబర్ 2025

చిరంజీవి దేదీప్యకు,

ఆశీస్సులు. ఈ ఉత్తరంతోపాటే గొట్టంలో పటం వస్తుంది. ముడతపడకుండా తీయండి.

ఇరవై ఆరు రోజులు పట్టింది. చెయ్యి వణుకుతున్నా గీత వణకలేదు, చూసుకో. వేద తెచ్చిన జపాన్ పెన్నులు మన పాత క్రోక్విల్ నిబ్బుకు సాటిరావు, అయినా సర్దుకున్నాను. నలుగురి మనసూ నొచ్చుకోకుండా దారి కనిపెట్టాను. దేశం గీయలేదు. వాళ్ళు నివసించే ప్రాంతమంతా గీశాను. వాన్ సరస్సు, ఊర్మియా సరస్సు, టైగ్రిస్, రెండు జాబ్ నదులు, అరారత్ శిఖరం. నాలుగు దేశాలకు నాలుగు రంగులు, అంతర్జాతీయ సరిహద్దు ఎర్ర సిరాలో గీత-చుక్క, గీత-చుక్క. నియమం ప్రకారం సరిహద్దే ముందు గీశాను.

ఒక్క లోటు. ఆ తల్లి చెప్పిన ఊరు నాకు దొరికిన ఏ పటంలోనూ లేదు. అచ్చులో ఆధారం లేని పేరు పటం మీద రాయడం మా డిపార్ట్‌మెంటులో మహాపాపం. డెబ్బై ఏడేళ్ళ మనిషి, పేరు తప్పుగా గుర్తుండొచ్చు. ఆ చోట కొండ షేడింగ్ వేసి వదిలేశాను. తక్కిన ప్రాంతమంతా చూసి సంతోషిస్తుందిలే.

ఆవిడ ఏమందో వెంటనే రాయి.

పెదనాన్న


నాష్‌విల్
16 డిసెంబర్ 2025

పెదనాన్నకు,

నమస్కారాలు. పటం భద్రంగా చేరింది. చాలా అందంగా ఉంది. ఇంట్లో అందరూ చూశారు. దాపీర్ మీకు "గెలెక్ సుపాస్" చెప్పమంది. చాలా చాలా కృతజ్ఞతలని. గోడకు తగిలించారు.

ఆఫీసులో రిలీజ్ ఉంది. మళ్ళీ రాస్తాను.

దేదీప్య


నేపర్‌విల్
2 జనవరి 2026

చిరంజీవి దేదీప్యకు కొత్త సంవత్సరపు దీవెనలు.

నీ నాలుగు ముక్కలూ నాలుగు పేజీలుగా చదువుకున్నాను. రిటైరయ్యాక ఇన్నేళ్ళకు నా గీతను ఒకరు గోడకు తగిలించారు! ఇక్కడ మన సీనియర్ సిటిజన్ల గుంపులో శనివారం కుర్దుల మీద అరగంట మాట్లాడాను. వింటున్నవాళ్ళలో ముగ్గురు నిద్రపోయారు, నాకు వినబడదు కాబట్టి వాళ్ళ గురక ఇబ్బంది పెట్టలేదు. లోకేష్ అల్లుడుగారు "మామయ్యా, ఇంకో కాపీ గీయండి, ఫ్రేము కట్టిస్తాను" అన్నారు.

పటం ముందు ఆ తల్లి నిలబడి ఉన్న ఫొటో ఒకటి తీసి పంపు. చూసుకుంటాను. ఆవిడ ఏ చోట ముందు వేలు పెట్టిందో కూడా రాయి. మంచి పటం చూసిన మనిషి ముందు తన ఊరి మీదే వేలు పెడతాడు.

పెదనాన్న


నాష్‌విల్
17 జనవరి 2026

పెదనాన్నా,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. ఫొటో పంపలేను. ఎందుకో రాయడానికి ఈ వారం పట్టింది.

ఆవిడ వేలు పెట్టలేదు పెదనాన్నా. పెట్టడానికి చోటు లేదు.

గొట్టం వచ్చిన రోజు ఇంట్లో పద్నాలుగు మంది ఉన్నారు. దాపీర్ మంచి బట్టలు కట్టుకుని, తలకు తెల్ల ముసుగు మార్చుకుని కూర్చుంది. బల్ల మీద పటం పరిచాం. చిన్నపిల్లలు "టర్కీ గ్రీన్, ఇరాన్ ఎల్లో" అంటూ రంగులు లెక్కపెట్టారు. ఆవిడ మొహం కాగితానికి ఆనించి వెతికింది. చాలాసేపు వెతికింది. చివరికి "పెర్విన్, కానియా హిర్మీ ఏది?" అని అడిగింది. పెర్విన్ నా వైపు చూసింది. మీరు ఉత్తరంలో రాసింది నాకు తెలుసు. "ఈ మ్యాప్‌లో చిన్న ఊళ్ళు పట్టలేదు దాపీర్" అన్నాను.

ఆవిడ నవ్వింది. "పెద్ద పని చేశాడు, ఆయన చేతులు చల్లగా ఉండాలి" అంది. నాకు టీ పోయించింది. గోడకు తగిలించిన మాట నిజమే. తలుపు వెనక గోడకు. తలుపు తీస్తే కనబడదు. ఆ ఇంట్లో తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

పేరు తప్పుగా గుర్తుండొచ్చని రాశారు. మీకు మీ ఊరి పేరు తప్పుగా గుర్తుంటుందా? వాళ్ళ ఊరిని సైన్యం ఒకసారి తుడిచేసింది. మీరు నియమాలు చెప్పి రెండోసారి తుడిచేశారు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది. నాన్న పోయాక నన్ను చదివించింది మీరు. మీకు ఇలా రాయాల్సొస్తుందని అనుకోలేదు. అయినా రాస్తున్నాను, డిసెంబర్‌లో రాసిన అబద్ధం ఇంకోసారి రాయలేను కాబట్టి.

ఆవిడకు కుడి కన్ను పూర్తిగా పోయింది.

దేదీప్య


నేపర్‌విల్
9 ఫిబ్రవరి 2026

అమ్మా దేదీప్యా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిటివాడు మాట్లాడకపోతే ఇంట్లోవాళ్ళు పెద్దగా గమనించరు. వేద గమనించింది.

నీకు ఒకటి చెప్పాలి. మీ పెద్దమ్మకు కూడా చెప్పలేదు. శ్రీశైలం డ్యాము నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఊళ్ళు మునిగాయి. కర్నూలు వైపు, మహబూబ్‌నగర్ వైపు కలిపి వంద దాకా. ఆ షీట్లు సరిదిద్దే పని నా బల్ల మీదికి వచ్చింది. బ్లేడుతో ఊరి పేరు గీకడం, ఆ మీద నీలం పూయడం. రోజుకు నాలుగైదు ఊళ్ళు. మా ఆఫీసు ఖలాసీ మద్దిలేటిది ఆ ఊళ్ళల్లోనే ఒకటి. గొలుసు మోసే పని చేసేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకరోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "నీళ్ళు నీళ్ళే సార్, కాదనను. ఆ నీళ్ళ మీద మా ఊరి పేరుంటే మీకేం అడ్డం సార్?" అన్నాడు. "రూల్స్ ఒప్పుకోవు మద్దిలేటీ" అని చెప్పి అతని కళ్ళ ముందే గీకేశాను. నీట్‌గా గీకానని ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా. నీ ఉత్తరం చదివాక ఆ గ్లాసు చప్పుడు వినబడుతోంది. ఈ చెవులకు!

నాలుగో రోజు వేదతో రైలెక్కి చికాగో వెళ్ళాను. అక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత పటాల గది ఉంది. ఆ గదిలో పనిచేసే అమ్మాయి ఓపికకు దండం పెట్టాలి. పదకొండు సొరుగులు తీయించాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సర్వే ఆఫ్ ఇండియావాళ్ళే ఇంగ్లీషు సైన్యం వెంట మెసపొటేమియా వెళ్ళి కొలిచారని ట్రైనింగులో విన్నాను, మరిచాను. 1919 నాటి షీటు ఒకటి దొరికింది, అంగుళానికి నాలుగు మైళ్ళు. అంచున మా ఆఫీసు పేరు. భూతద్దం పెట్టి కొండ వెంట పైకి పోతే, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. కానియా హిర్మీ. పక్కన ఊట గుర్తు.

వేద చెబుతోంది, నేను లైబ్రరీలో పెద్దగా అరిచానట.

ఆ తల్లి చెప్పింది నిజం. నేను తప్పు. ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించు, మెత్తబరచకు. షీటు నకలు పంపుతున్నాను. ఇక పద్ధతిగా చేద్దాం. ఫీల్డులో ఊరి పేరు రాసేముందు ముగ్గురిని విడివిడిగా అడగమనేవారు మా పెద్దలు. కాగితం మీద ప్రశ్నలు రాశాను. ఆ ఊరివాళ్ళు ఇంకెవరైనా అక్కడ ఉన్నారేమో చూడు. ఒకరి జవాబు ఇంకొకరికి వినబడకూడదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా పట్టుకోనివ్వు.

పెదనాన్న


నాష్‌విల్
22 ఫిబ్రవరి 2026

పెదనాన్నా, మా మంచి పెదనాన్నా,

మీ ఉత్తరం మెత్తబరచకుండా ఇంగ్లీషులో చదివాను. పెర్విన్ వెంటవెంటనే కుర్దులోకి చెప్పుకుపోయింది. మద్దిలేటి దగ్గరికొచ్చేసరికి దాపీర్ చెయ్యెత్తి ఆపింది. "ఆయన ఊరి పేరేమిటో అడుగు" అంది. నాకు తెలియదన్నాను. "అడుగు" అంది మళ్ళీ. నకలు షీటు మీద పెర్విన్ ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టింది. ఎడమ కంటి మూల నుంచి కొంచెం కనబడుతుంది. భూతద్దంలోంచి చూసి, ఆ కాగితాన్ని నుదుటికి ఆనించుకుంది. "మీవాళ్ళు మా కొండకు వచ్చారా! మా తాత వాళ్ళకు పెరుగు పోసే ఉంటాడు" అంది. ఇంట్లోవాళ్ళంతా ఒకేసారి మాట్లాడారు.

ముగ్గురు దొరికారు. దాపీర్, రొట్టెల బట్టీ నడిపే తాహిర్ తాతయ్య, మసీదు వెనక ఉండే ఆయేషా అనే ఆవిడ. రంజాన్ ఉపవాసాలు కదా, రోజుకొకరి ఇంటికి సాయంత్రం ఉపవాసం విడిచాక వెళ్ళాను. ముగ్గురూ ఖర్జూరాలు పెట్టారు, ముగ్గురూ ఒకటే పేరు చెప్పారు. అక్రోటు చెట్లు దాపీర్ పదకొండు అంది, తాహిర్ తాతయ్య తొమ్మిదన్నాడు. రెండు తమ నాన్న కొట్టేశాడని ఆయేషా ఒప్పుకుంది. ఆ తగువు ఇప్పుడు నోలెన్స్‌విల్ రోడ్డంతా నడుస్తోంది.

ఇంకొకటి. మీవాళ్ళ షీటులో ఊట వాగుకి తూర్పున ఉంది. ముగ్గురూ పడమర అన్నారు. "పెరుగు తాగి నిద్రమత్తులో గీశాడు మీవాడు" అంది దాపీర్. జవాబుల కాగితాలు జత చేశాను.

మిమ్మల్ని అన్న మాటలకు క్షమించండి. మిమ్మల్ని అనగలిగే చనువు మీరిచ్చారు కాబట్టే అన్నాను. అందుకూ థాంక్స్.

కన్ను రోజురోజుకీ తగ్గుతోంది.

దేదీప్య


నేపర్‌విల్
12 మార్చి 2026

చిరంజీవి దేదీప్యకు,

ఊట పడమరకు జరిపాను. నూట ఏడేళ్ళ తరవాత మా డిపార్ట్‌మెంటు తప్పు దిద్దే భాగ్యం నాకు దక్కింది.

నీ చివరి వాక్యం చూశాక సిరాతో గీయడం ఆపేశాను. నేను అహంకారంతో పోగొట్టిన మూడు నెలల్లో ఆవిడ చూపు జారిపోయింది. కళ్ళకు అందించలేకపోయినా చేతులకైనా అందాలి. అందుకని గుడ్డ మీద చేశాను. వాగు దారం, లావుది. కాలిబాటలు సన్నదారం. ఒక్కో ఇంటికి ఒక ఆవగింజ, ఇరవై మూడూ ఉన్నాయి, లెక్క చూసుకో. అక్రోటు చెట్టుకు ఒక మిరియం. తొమ్మిదే పెట్టాను, పదకొండు కావాలంటే ఆ తల్లినే పోరాడమను. ఊట దగ్గర మీ పెద్దమ్మ ముక్కుపుడక రాయి అతికించాను. సంహిత అభ్యంతరం చెప్పలేదు. జిగురు ఆరేదాకా వేద హెయిర్ డ్రయ్యర్ పట్టుకుంది.

ఉత్తరాన కనుమ మొదలయ్యే దగ్గర గుడ్డ అయిపోయింది. ఊరు అంతవరకే కదా అని ఆపాను. సరిహద్దు ఎక్కడా వేయలేదు. సరిహద్దు లేకుండా నేను చేసిన మొదటి పటం ఇది.

మద్దిలేటి ఊరి పేరు గుర్తుందా అని అడిగిందన్నావు. ఉంది. నేను గీకిన పేర్లన్నీ గుర్తున్నాయి. ఒక కాగితం మీద రాస్తున్నాను. అరవై రెండు అయ్యాయి. ఇంత వయసులో నాకీ పని పెట్టినందుకు ఆ తల్లికి రుణపడ్డాను, చెప్పు.

వీరాంజనేయులు


నాష్‌విల్
22 మార్చి 2026

పెదనాన్నకు,

ఈసారి గురువారం ఉగాది, శుక్రవారం ఈద్, శనివారం వీళ్ళ కొత్త సంవత్సరం నవ్రోజ్, మూడూ వరసగా వచ్చాయి. పార్సెల్ శనివారం ఉదయం వచ్చింది. ఇంటి నిండా జనం. ఆడవాళ్ళంతా జరీ గౌన్లలో మెరిసిపోతున్నారు.

దాపీర్‌కి ఇప్పుడు వెలుతురే తెలుస్తోంది. నేను గుడ్డ బల్ల మీద పరిచి, ఆవిడ రెండు చేతులూ వాగు మీద పెట్టాను. ఏది ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఆవిడ దారం పట్టుకుని నిదానంగా పైకి వెళ్ళింది. ఊట దగ్గర ఆగి రాయిని గోటితో తట్టింది. నవ్వింది. మొదటి ఆవగింజ ముట్టుకుని "హసన్" అంది. రెండోది, "గుల్నాజ్ అత్త." ఇరవై మూడు గింజలకూ పేర్లు చెప్పింది పెదనాన్నా. తాహిర్ తాతయ్య పక్కన నిలబడి ఒక్కో పేరుకూ "అవును" అంటూ ఏడ్చాడు. తమ ఇంటి గింజ దగ్గర ఆవిడ వేలు చాలాసేపు ఉంది. ముని మనవళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్కరి వేలూ దాని మీద పెట్టించింది.

తరవాత సన్నదారం పట్టుకుని ఉత్తరానికి కదిలింది. గుడ్డ అంచు వచ్చింది. వేలు ఆగలేదు. బల్ల మీదికి పోయింది. "అమ్మా, మ్యాప్ అయిపోయింది" అంది పెర్విన్. ఆవిడ వినలేదు. వంకరటింకరగా, కొండ ఎక్కుతున్నట్టు పోయి పోయి, జానెడు దూరంలో ఆగింది. అక్కడ అరచెయ్యి పరిచింది.

"శివాన్ ఇక్కడున్నాడు" అంది.

శివాన్ ఎవరో నాకు తెలియదు. తరవాత పెర్విన్ చెప్పింది. ఆమె తమ్ముడు. రెండేళ్ళవాడు. టర్కీకి పారిపోతున్నప్పుడు కొండ మీద చలికి పోయాడు. పన్నెండేళ్ళ పెర్విన్ మేనమామతో ముందు గుంపులో వెళ్ళిపోయింది. తల్లి ఒక్కతే వెనక ఆగి, వాణ్ణి పూడ్చి రాళ్ళు పేర్చి వచ్చింది. ఈ ముప్ఫై ఏడేళ్ళలో ఎక్కడని ఆమె అడగలేదు, ఈవిడ చెప్పలేదు. "రెండు రాళ్ళ మధ్య, తూర్పు గాలి తగలని వైపు" అని ఇప్పుడు చెబుతోంది, బల్ల మీద వేలితో చూపిస్తూ.

పెర్విన్ ఆ చోట తల్లి చేతి మీద చెయ్యి వేసింది. "ఎటు తిరిగి ఏడవాలో తెలియక ఇన్నేళ్ళూ ఏడవలేదు దేదీప్యా" అంది నాతో. తరవాత ఏడ్చింది.

నేను పెన్నుతో బల్ల మీద గుర్తు పెట్టాను. ఎవరూ తుడవకుండా పిల్లలు కాపలా ఉన్నారు. దాపీర్ మీకు చెప్పమన్న మాట ఇది. "ఇంత గుడ్డ ఇంకొకటి తెచ్చుకుని ఆయన్నే రమ్మను. పైన ఇంకా దారి ఉంది. నాకు గుర్తుంది."

మీకు శుక్రవారం ఉదయం ఫ్లైట్ బుక్ చేశాను. లోకేష్ బావ ఎయిర్‌పోర్టులో దింపుతారు.

మీ
దేదీప్య